వెనక్కి తిప్పిన సీటు

బ్రేకుల పిన్ని అంటే ఆ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. అసలు పేరు హాజరు పట్టీలో ఒకటుంది కానీ, దాంతో పిలిస్తే ఆవిడే పలకదు. యూనివర్సిటీ సైకిళ్ల షెడ్డులో ఇరవై మూడేళ్లుగా మెకానిక్కు. పొట్టి మనిషి, గట్టి గొంతు, ఎంత తోమినా గోళ్ల సందుల్లోంచి వదలని గ్రీజు. సైకిలు మీద ఎదురైనవాళ్లు విద్యార్థులు కానీ వైస్ చాన్సలరు కానీ, "ఏదీ, ఒకసారి నొక్కు" అంటుంది. నొక్కాల్సిందే. వైస్ చాన్సలరు గారొకసారి అర్జెంటు మీటింగుందని నసిగితే, "ఆగడం రానివాడు బయల్దేరకూడదు బాబూ" అని ఆయన్ని పక్కకు నిలబెట్టి బ్రేకు రబ్బర్లు మార్చి పంపింది.

ఆవిడకు ఈ పిచ్చి ఊరికే రాలేదు. పెళ్లైన కొత్తలో మొగుడు పాత సైకిలొకటి కొని, భార్యను వెనక కూర్చోబెట్టుకుని షికారు తిప్పాడు. బ్రేకు పట్టలేదు. కొత్త దంపతులిద్దరూ వెళ్లి ముళ్లకంచెలో పడ్డారు. ముళ్లన్నీ ఏరుకున్నాక ఆవిడ మొగుణ్ణి తిట్టలేదు, పక్కింటాయన దగ్గర పానా అడిగి తెచ్చుకుంది. బ్రేకు తీగ ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో ఆ సాయంత్రమే విప్పి చూసింది. మరుసటి ఏడాదికి వీధిలో సైకిళ్లన్నీ ఆవిడ గుమ్మం ముందే ఉండేవి. ఆ తరవాత యూనివర్సిటీ పిలిచింది.

ఊరు కూడా అలాంటిదే. మోటారు బండ్లు పొలిమేరలోనే ఆగిపోతాయి. కింద నది పక్కన ఒక ట్రాము తిరుగుతుంది, మిగతా ఊరంతా కాళ్ల మీదా సైకిళ్ల మీదా నడుస్తుంది. ఇళ్ల కప్పుల మీద ఎండతో కరెంటు చేసే పలకలు, వంటింటి చెత్తకు వీధికో ఎరువు గుంట, ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుంటే తప్ప సరుకు పొయ్యని కొట్లు. ఇవన్నీ చూడ్డానికి బయటివాళ్లు వస్తారు, ఆహా ఓహో అంటారు, పొలిమేర దాటగానే కారెక్కుతారు. సైకిళ్లు యూనివర్సిటీవి, వాడకం అందరిదీ. వాటికి తాళాల్లేవు, ఎవరు తీశారో రాసుకునే పుస్తకమూ లేదు. కనపడ్డది ఎక్కడం, పనయ్యాక దగ్గర్లో ఉన్న స్టాండులో పెట్టడం, అంతే.

ఇంత పెద్ద ఏర్పాటూ ఒక చిన్న అలవాటు మీద నడుస్తుంది. సైకిలు పాడైందని గమనించినవాళ్లు దాని సీటు వెనక్కి తిప్పి పెట్టాలి. సీటు ముక్కు వెనక్కి చూస్తోందంటే దాన్ని ఇంకెవరూ ముట్టుకోరు. షెడ్డువాళ్లు వచ్చి చూసి, బాగుచేసి, సీటు మళ్లీ ముందుకు తిప్పుతారు. ముందుకున్న సీటంటే పిన్ని చూసింది, బెంగ లేదు, ఎక్కొచ్చు అని అర్థం. కానీ ఎంత మంచి ఊరైనా తెలివి మీరిన పిల్లలుంటారు కదా. క్లాసయ్యేసరికి తమ సైకిలు ఇంకెవరూ పట్టుకుపోకుండా, నిక్షేపంలాంటి దాని సీటు వెనక్కి తిప్పేసి పోయే ఘనులు తయారయ్యారు. పిన్నికి ఒళ్లు మండేది అక్కడే.

ఆ రోజు పిల్లలకే కాదు, ఊరికి కూడా పరీక్ష. పచ్చని ఊళ్ల పోటీకి పెద్దమనుషులు వస్తున్నారు. సైకిళ్ల ఆఫీసరు ముందు రోజు నుంచీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పొద్దున ఎనిమిదింటికే షెడ్డులోకి వచ్చి, "పిన్నిగారూ, స్టాండుల్లో ఒక్క సీటు కూడా వంకరగా కనపడకూడదు. సగం పాడైపోయిన సైకిళ్లేనా మీకున్నవి అని అడుగుతారు" అన్నాడు.

లైబ్రరీ స్టాండులో నలభై సైకిళ్లుంటే అయిదింటి సీట్లు వెనక్కి ఉన్నాయి. పిన్ని మొదటిదాన్ని బయటికి లాగి నొక్కి చూసింది. బ్రేకు బ్రహ్మాండంగా పట్టింది. చైను చూసింది, టైర్లు చూసింది, అన్నీ బాగున్నాయి. రెండోదీ అంతే. ఆవిడకు కోపం నషాళానికి అంటింది. "వీళ్ల తెలివి తెల్లారా! పరీక్షల రోజున కూడా ఇదే వేషమా!" అని తిట్టుకుంటూ మిగతా మూడింటి సీట్లూ టకటకా ముందుకు తిప్పేసింది. వాటి బ్రేకులు చూడలేదు. ఇరవై మూడేళ్లలో చూడకుండా తిప్పిన సీట్లు ఆ మూడే. ఇంకా పదకొండు స్టాండులున్నాయి, ఆవిడ ముందుకు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం రెండున్నరకు మొగుడు షెడ్డుకు వచ్చాడు. ఆయన లైబ్రరీ గుమ్మం దగ్గర కాపలా. నెమ్మదైన మనిషి, నెమ్మదిగానే కూర్చుని, నెమ్మదిగానే అడిగాడు.

"ఏమే, ఆ నూట డెబ్భై మూడు బాగైందా?"

"ఏ నూట డెబ్భై మూడు?"

"మా స్టాండులోదే. పొద్దున నేనే సీటు తిప్పి పెట్టా. వెనక బ్రేకు బొత్తిగా లేదు. ముందు బ్రేకు తీగ ఒక్క పోగు మీద వేలాడుతోంది. ఒక్క నొక్కు నొక్కితే తెగుతుంది."

పిన్ని చేతిలో పానా అలాగే ఉండిపోయింది.

"నాతో చెప్పొచ్చుగా!"

"చెప్పడానికేగా సీటు తిప్పేది," అన్నాడాయన అమాయకంగా. తరవాత భార్య మొహం చూసి, "ఏమైందే?" అన్నాడు.

చెప్పింది. ఆయన లేచి నిలబడ్డాడు. ఇద్దరూ లైబ్రరీకి పరుగెత్తారు. స్టాండులో తొమ్మిది సైకిళ్లు మిగిలాయి, అందులో నూట డెబ్భై మూడు లేదు.

ఊరు గురించి ఒక్క సంగతి చెబితే వాళ్ల భయం అర్థమవుతుంది. యూనివర్సిటీ గుట్ట మీద ఉంది, ఇళ్లు కింద నది ఒడ్డున ఉన్నాయి. మధ్యలో ఒకటే రోడ్డు. దాన్ని అందరూ జారుడుబండ అంటారు. రెండు మలుపులు తిరిగి, ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క ఇనప కడ్డీలతో, తిన్నగా ట్రాము పట్టాల మీదికి దిగుతుంది. తొక్కక్కర్లేదు, కూర్చుంటే చాలు. ఆపడం తెలియాలి, అంతే.

నాలుగింటికి పరీక్షలు అయిపోతాయి. గుట్ట మీద పిల్లలంతా ఒక్కసారిగా ఆ దారిన దిగుతారు. వాళ్లలో పిన్ని కూతురు కూడా ఉంటుంది. అది రెండో ఏడాది చదువుతోంది. పొద్దున నడిచే వచ్చింది, మధ్యాహ్నం పరీక్షకు లైబ్రరీ నుంచే వెళ్తానంది. ఏ సైకిలు తీసిందో ఎవరికి తెలుసు? పిన్ని ఫోన్ చేసింది. పరీక్ష హాల్లో ఫోన్లు కట్టేస్తారని తెలిసీ మూడుసార్లు చేసింది.

"నువ్వు కిందికి పో," అంది మొగుడితో. "ట్రాము స్టాపులన్నీ చూడు. నేను పైన చూస్తా."

సైన్సు బ్లాకు, మ్యూజియం, ఈత కొలను, హాస్టళ్లు అన్నీ తిరిగింది. వంగి ఒక్కొక్క మడ్‌గార్డు మీద నంబరు చదవడం, కాదని తెలియడం, మళ్లీ పరుగు. నూట డెబ్భై ఒకటి కనిపించింది. నూట ముప్పై ఏడు కనిపించి, కళ్లు బైర్లు కమ్మి నూట డెబ్భై మూడులా తోచి, దగ్గరికెళ్లి చూస్తే కాదు. మూడు ముప్పావైంది. ఇంకా నాలుగు హాళ్ల స్టాండులు మిగిలాయి, ఒక్కోదాంట్లో రెండేసి వందలు. ఇలా వెతికితే తెల్లారుతుంది.

ఆఫీసరుకు ఫోన్ చేసింది. "నాలుగింటికి జారుడుబండ మూసేయాలి బాబూ."

"మూసేయడమా! పెద్దమనుషులు కింద వంతెన మీద నిలబడి ఉన్నారండీ. పిల్లలంతా ఒక్కసారి దిగడం చూపిద్దామనే కదా ఇంతసేపు ఆపి ఉంచాను."

"బ్రేకుల్లేని సైకిలొకటి తిరుగుతోంది."

"ఎలా బయటికొచ్చింది?"

పిన్నికి నిజం నోటి దాకా వచ్చింది. "ఎలాగో వచ్చింది," అంది. అది మింగేసిన మాట. ఆ సంగతి ఆవిడకూ తెలుసు.

"మూయొద్దు పిన్నిగారూ, నేను పైకొస్తున్నా, మాట్లాడదాం," అంటూనే ఉన్నాడు అతను. ఆవిడ ఫోన్ జేబులో పడేసింది. షెడ్డులో సామాను మోసే మూడు చక్రాల బండి ఉంది. దాన్ని తోసుకొచ్చి వాలు మొదట్లో గోడకూ కడ్డీలకూ మధ్య అడ్డంగా పెట్టింది. పక్కన ఒక్క సైకిలు పట్టేంత సందు వదిలి, ఆ సందులో తాను నిలబడింది.

నాలుగు కొట్టింది. ముందు సైకిలు గంటల మోత, తరవాత నవ్వులు, కబుర్లు, ఆ తరవాత మలుపు తిరిగి పిల్లల గుంపు వచ్చిపడింది.

"దిగండి! అందరూ దిగండి! ఒక్కొక్కళ్లే రండి, నొక్కి చూపించి వెళ్లండి!"

"పిన్నీ, ఇవాళ కూడానా!" అన్నాడొకడు.

"నీ పళ్లు నీకే ఉండాలని రా నాయనా. నొక్కు."

మొదట్లో అందరికీ సరదాగానే ఉంది. పావుగంటయ్యేసరికి వెనక రోడ్డంతా నిండిపోయి విసుగు మొదలైంది. ఎండ మొహం మీద కొడుతోంది. ఎవరో ఈల వేశారు, ఎవరో పిన్నికి పిచ్చెక్కిందన్నారు. ఆవిడ చేతులు బ్రేకు మీటలు నొక్కుతూనే ఉన్నాయి, కళ్లు మాత్రం ముందు నంబరు చూసి తరవాత మొహం చూస్తున్నాయి. ఇద్దరి బ్రేకులు సరిగ్గా లేకపోతే వాటిని గోడ వారగా పెట్టించి నడిపించింది. ఆ రెండూ నూట డెబ్భై మూడు కాదు.

నూరో మనిషో, నూట ఇరవయ్యో మనిషో, కూతురు వచ్చి నిలబడింది. ఎనభై ఎనిమిదో నంబరు సైకిలు.

"ఏంటమ్మా ఇది? అందరూ నవ్వుతున్నారు."

పిన్ని దాని రెండు బుగ్గలూ గ్రీజు చేతులతో పట్టుకుంది. హమ్మయ్య, బతికిపోయాం అనుకుంది. అలా అనుకోగానే సిగ్గుతో తల వంగిపోయింది. నూట డెబ్భై మూడు ఇంకా దొరకలేదు. ఎవరో ఒకరి పిల్ల దాని మీద ఉంది. తన పిల్ల కాదని తెలియగానే గుండె ఎంత తేలిగ్గా కొట్టుకుందో ఆవిడకు నచ్చలేదు.

"నువ్వు వెళ్లకు. ఇక్కడే నిలబడి నంబర్లు చదువు," అంది.

అప్పుడొచ్చాడు ఆఫీసరు, కింది నుంచి నడిచి, రొప్పుతూ, చొక్కా తడిసిపోయి. "బండి తియ్యండి పిన్నిగారూ! పరువు పోతోంది! కింద వాళ్లు గడియారాలు చూసుకుంటున్నారు!"

"పరువు పోతే ఇంకో ఏడాది వస్తుంది బాబూ. దాని మీద ఎక్కిన పిల్ల పోతే మళ్లీ రాదు."

"ఇది నా ఆర్డరు."

"సరే. నా మీద నుంచి తొక్కించండి."

అతను చుట్టూ చూశాడు. పిల్లలు ఈలలు ఆపేశారు. ముందు వరసలోవాళ్లు వెనకవాళ్లకు చెప్పారు, వెనకవాళ్లు ఇంకా వెనక్కి చెప్పారు. పిల్లలే వంగి ఒకరి బ్రేకులు ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. అతను ఇంకేం చెయ్యాలో తెలియక చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. కాసేపటికి అతనూ నంబర్లు చదవసాగాడు.

అయిదు దాటాక ఆఖరి సైకిలు వెళ్లిపోయింది. నూట డెబ్భై మూడు రాలేదు. ఈ లోపల పెద్దమనుషులు విసిగి పైకి నడిచొచ్చి చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. వాళ్లలో తెల్లజుట్టు ఆవిడొకరు ఆఫీసరు చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, ఒక్క సైకిలు బ్రేకు కోసం ఊరంతటినీ ఆపే మనుషులున్నారే, ఇది నేనెక్కడా చూడలేదు, అంటోంది. ఆఫీసరు మొహం వెలిగిపోయింది. పిన్నికి అవేవీ చెవికెక్కలేదు. జేబులో ఫోన్ మోగింది.

"దొరికిందే," అన్నాడు మొగుడు.

"ఎక్కడ?"

"ట్రాము స్టాపు వెనక పడేసి ఉంది. ముందు చక్రం వంగిపోయింది. మధ్యాహ్నం పన్నెండింటికి పట్టాల దగ్గర ఒక అమ్మాయి పడిందట. ట్రాము అప్పుడే కదిలిందట, డ్రైవరు చూసి ఆపాడు కాబట్టి సరిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లారు. ప్రాణానికేం భయం లేదంటున్నారు."

పన్నెండింటికి. పన్నెండింటికి తను షెడ్డు మెట్ల మీద కూర్చుని, ఎవరిదో పంచరు వేస్తూ, ఈ ఆఫీసరు హడావుడిని అనుకరించి అందర్నీ నవ్విస్తోంది. ఎండలో గంటసేపు రోడ్డుకు అడ్డం నిలబడినదంతా అయిపోయిన పెళ్లికి బాజా అన్నమాట.

ఆసుపత్రి మెట్ల దగ్గర మొగుడు ఎదురొచ్చాడు. మెల్లిగా అన్నాడు, "చూసి వచ్చెయ్. సీటు సంగతి ఎత్తకు. ఎవరు తిప్పారో ఎవరికి తెలుసు? నేను చెప్పను, నువ్వు చెప్పకు. అప్పుడే ఊరంతా నిన్ను పొగుడుతోంది."

ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఆవిడకు ఇచ్చిన సలహాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇది ప్రేమతో ఇచ్చిందేనని ఆవిడకు తెలుసు. మెట్లెక్కింది.

గదిలో పద్దెనిమిదేళ్ల పిల్ల పడుకుని ఉంది. ఎడమ చేతికి మోచెయ్యి పైదాకా కట్టు, పై పెదవికి నాలుగు కుట్లు, ముందు పన్ను సగం లేదు. పక్కన తల్లి, రొట్టెల కార్ఖానా ఆప్రాన్ విప్పకుండానే వచ్చేసినట్టుంది, మోచేతుల మీద పిండి ఎండిపోయి ఉంది.

పిల్ల కళ్లు తెరిచి చూసింది. కుట్లు లాగుతుంటే కష్టం మీద అంది, "పిన్నీ, నా తప్పే. సీటు ముందుకే ఉంది కదాని నొక్కి చూడకుండా ఎక్కేశా."

తల్లి చప్పున లేచి పిన్ని రెండు చేతులూ పట్టుకుంది. "మీరేనా అక్కా ఆవిడ? ఇప్పుడే నర్సు చెప్పింది. మా పిల్ల పడిందని ఊరి రోడ్డే ఆపేశారట కదా. ఇంకెవరికీ ఇలా కాకూడదని. మీ కడుపు చల్లగా ఉండాలి. కూర్చోండి అక్కా, కూర్చోండి."

పిన్ని కూర్చుంది. చేతులు ఆ తల్లి చేతుల్లోనే ఉన్నాయి, వెచ్చగా. చేసిన తప్పు చెప్పుకుంటే బరువు దిగుతుందంటారు కానీ, చెప్పడానికి నోరు తెరిచేదాకా ఆ బరువు ఎంతో ఎవరికీ తెలియదు. వచ్చెయ్ అన్న మొగుడి మాట చెవిలో ఉంది. ఇప్పుడు లేచి వెళ్లిపోతే సరిపోతుంది. ఆ పిల్ల నా తప్పే అనుకుంటూనే పెరిగి పెద్దదవుతుంది, అంతే.

"నీ తప్పు కాదమ్మా," అంది పిల్లతో. తరవాత తల్లి వైపు తిరిగింది. "మా ఆయన దాని సీటు వెనక్కే పెట్టాడు. పొద్దున ముందుకు తిప్పింది నేను. పిల్లలు వేషాలేస్తున్నారని ఒళ్లు మండి, బ్రేకు చూడకుండా మూడు సైకిళ్ల సీట్లు తిప్పేశా. అందులో ఇదొకటి. రోడ్డు ఆపేసరికి మీ అమ్మాయి పడి నాలుగు గంటలైంది. అది కూడా నాకు తెలియదు."

తల్లి చేతులు వదిలేసింది. కూతురి చేతి కట్టు కింద దిండు సర్దింది. తిడుతుందని పిన్ని ఎదురు చూసింది. కొడితే బాగుండుననిపించింది.

"మూడన్నావు," అంది తల్లి చివరికి. ఇప్పుడు అక్కా లేదు, మీరూ లేదు. "ఇది ఒకటి. మిగతా రెండూ?"

పిన్ని ఆ రెండింటి గురించి పొద్దుట్నుంచీ ఒక్కసారైనా తలుచుకోలేదు. మొగుడు చెప్పింది నూట డెబ్భై మూడు కాబట్టి నూట డెబ్భై మూడు కోసమే పరుగెత్తింది. రోడ్డు మీద వాటి బ్రేకులు తన చేతి కింద నుంచే పోయాయో, అసలు ఆ దారికే రాలేదో తెలియదు. వాటి నంబర్లు చూడలేదు. చూసి ఉంటే బ్రేకులే చూసేది.

అక్కడే, ఆ మంచం పక్కనే నిలబడి ఆఫీసరుకు ఫోన్ చేసింది. అవతల అతను సంతోషంతో ఉక్కిరిబిక్కిరవుతున్నాడు. "పిన్నిగారూ, బహుమతి మనకే వచ్చేట్టుంది! రేపు పొద్దున మీరు వేదిక మీద..."

"బాబూ, ముందు నా మాట విను. ఊళ్లో సైకిళ్లన్నిటికీ సీట్లు వెనక్కి తిప్పించు. అన్నిటికీ. ఇప్పుడే. నేను ఒక్కొక్కటీ చూసి వదిలేదాకా ఎవరూ ఎక్కకూడదు. రేపు ఊరంతా నడవాలి."

"రెండు వేల సైకిళ్లండీ! రేపా? వాళ్ల ముందా? ఎందుకు?"

"చెప్తున్నా," అని పొద్దున లైబ్రరీ స్టాండు దగ్గర్నుంచి మొదలుపెట్టింది. ఆపకుండా చెప్పుకుపోయింది.

అయిపోయిందనుకుని ఫోన్ పెట్టేయబోతుంటే తల్లి తల ఎత్తింది.

"మా పిల్ల సంగతి కూడా చెప్పు," అంది.

పిన్ని మళ్లీ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఏ చెయ్యి విరిగిందో, ఎన్ని కుట్లు పడ్డాయో, పన్ను ఎంత పోయిందో, ఆ పిల్లను చూస్తూ ఒక్కొక్కటే చెప్పింది.